గ్రావెల్ రైడ్‌కి వచ్చానండి

తారు రోడ్ల వల్ల దేశానికి జరుగుతున్న నష్టం గురించి మన పత్రికలు ఇంతవరకు ఒక్క సంపాదకీయం కూడా రాయలేదు. ఎన్నికలొస్తే చాలు, ప్రతి అభ్యర్థీ రోడ్డేయిస్తానంటాడు. చచ్చినా వేయించనని మాటిచ్చే నాయకుడు ఒక్కడు దొరికితే పార్టీ చూడకుండా ఓటేయాలని నేను ఈమధ్యే నిర్ణయించుకున్నాను. కారణం లేకపోలేదు. నేను గ్రావెల్ సైకిలు కొన్నాను.

తెలియనివారి కోసం చెబుతున్నాను. రేసు సైకిలుకీ, కొండలెక్కే సైకిలుకీ పుట్టిన బిడ్డ ఇది. హ్యాండిల్ పొట్టేలు కొమ్ముల్లా వంగి ఉంటుంది, టైరు కాస్త లావు. తారు మీద కాకుండా మట్టి, మొరం, కంకర దారుల్లో తొక్కాలి. నాది లక్షా ఎనభై వేలు. (“పెట్రోలు ఎక్కడ పోస్తార్రా?” అని మా పిన్ని అడిగింది. ఆవిడది అమాయకత్వమో వెటకారమో నాకు ముప్పై ఏళ్లుగా అంతుపట్టలేదు.) అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని ఎంపోరియా అనే చిన్న ఊళ్లో 2006లో మొదలైన 200 మైళ్ల పందెం ఈ ఆటకు పెద్ద తిరునాళ్ల లాంటిది. మొదటి ప్రపంచ ఛాంపియన్‌షిప్ 2022లో ఇటలీలో పెట్టారు. విచెంజా నుంచి చిత్తడెల్లా దాకా మగవాళ్లకు 194 కిలోమీటర్లు, చాలామటుకు చదును నేల. పేరులో చిత్తడి ఉన్న ఊరికే ప్రపంచ పోటీ ఇచ్చారు. ఊరంతా చిత్తడి ఉన్న మనల్ని మాత్రం ఎవరూ అడగలేదు.

ఈ అన్యాయాన్ని సరిదిద్దాలనే డిసెంబరులో మూడు రోజులు సెలవు పెట్టి గోదావరి డెల్టాకు వెళ్లాను. ధవళేశ్వరంలో బయల్దేరి, బ్యారేజీ దాటి బొబ్బర్లంక, అక్కడినుంచి కాలువ గట్టు పట్టుకుని లొల్ల లాకులు, రావులపాలెం, ముక్తేశ్వరం. అక్కడ పంటు ఎక్కి గౌతమి దాటి కోటిపల్లి రేవు, ఆపైన యానాం మీదుగా కోరంగి మడ అడవులు. నదితో మొదలై అడవితో ముగిసే దారి. మధ్యలో కొండ అనేదే లేదు.

ఇంత చదును ఎలా కుదిరిందో కూడా చెప్పాలి. 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తిచేసిన కాటన్ దొర కాలువలు తవ్వించినప్పుడు, నీరు తనంతట తాను సముద్రం వైపు నడవడానికి ఎంత వాలు కావాలో అంతే ఇచ్చాడు. ఆ రోజుల్లో అవి సాగుకే కాదు, పడవలకూ దారి. పడవకు తాడు కట్టి లాగే మనుషులు నడిచింది ఈ గట్ల మీదే. పడవలు ఎత్తు నుంచి పల్లానికి దిగడానికి కట్టినవే ఈ లాకులు. కాలువతోపాటు వెళ్తే పల్లం, ఎదురొస్తే మెరక. రెండూ కాలికి తెలియవు. తెలిసేది ఎదురుగాలి ఒక్కటే. గోదావరి జిల్లాల్లో దొరగారి విగ్రహం లేని ఊరు వెతకాలి. దండలన్నీ అన్నం పెట్టినందుకే. గ్రావెల్ క్రీడకు ఆయన చేసిన సేవను తలిచినవాడు లేడు.

రావులపాలెం దగ్గర పడుతుండగా ఒకాయన నన్ను దాటేశాడు. పాత నల్ల సైకిలు, వెనక అటూ ఇటూ అరటి గెలలు, లెక్కపెడితే ఎనిమిది. మార్కెట్టుకి వెళ్తున్నాడు. అప్పటికి నేను గంటకు 22 కిలోమీటర్ల వేగం సాధించానని పరికరంలో చూసి ఆనందిస్తున్నాను. ఆయన వేగం తగ్గించి నా టైరు వైపు చూశాడు.

“గాలి తగ్గిపోయిందండి మీకు.”

“కావాలనే తగ్గించానండి. కంకర మీద పట్టు బాగుంటుంది.”

“ఆయ్,” అన్నాడు. జబ్బు మనిషితో వాదించకూడదన్నట్టుంది ఆ ఆయ్.

మార్కెట్టు దగ్గర ఆయన గెలలు దించుతుంటే వంగి ఆ టైరు మీది అచ్చు చదివాను. ఇది చెప్పకుండా దాచేద్దామనుకున్నాను గానీ మనసొప్పలేదు. నా టైరు వెడల్పు 40 మిల్లీమీటర్లు. సైకిలు అమ్మిన కుర్రాడు ఈ అంకె చెప్పేటప్పుడు గుళ్లో మూలవిరాట్టు మహిమ చెబుతున్నట్టు గొంతు తగ్గించాడు. గెలల సైకిలు టైరు మీద 28 × 1½ అని ఉంది. అదే సైజును మిల్లీమీటర్లలో 40-635 అని రాస్తారు. అంటే వెడల్పు అదే 40. రిమ్ము కొలత నాది 622, ఆయనది 635. పదమూడు మిల్లీమీటర్లు ఆయనదే పైచేయి. తాతల కాలం నుంచి ఆ టైరు మీద పాలక్యాన్లూ కొబ్బరికాయలూ గెలలూ మోస్తూ కూడా, తాము ఆడుతున్నది అంతర్జాతీయ క్రీడ అని ఈ జనానికి తెలియకపోవడం ఎంత దారుణం! నా సంచీలో ఒక వానకోటు, రెండు ఎనర్జీ జెల్ పొట్లాలు ఉన్నాయి. దీన్ని బైక్‌ప్యాకింగ్ అంటారు. ఎనిమిది గెలలను ఏమంటారో ఏ వెబ్‌సైటులోనూ లేదు.

ఇక ఆ మధ్యాహ్నం సంగతి. గట్టు మీద ఒక ఊరు, పేరు వద్దు. టీ కొట్టు ముందు రెండు టిప్పర్లు ఆగి ఉన్నాయి. డ్రైవర్లు టీ తాగుతున్నారు. నెత్తిన హెల్మెట్, నల్లద్దాలు, ఒంటికి అతుక్కుపోయిన బట్టలు, హ్యాండిల్ మీద మ్యాపు చూపించే పరికరం, ఈ అవతారంలో నేను దిగాను.

“ఎక్కడినుంచండి రావడం?”

“హైదరాబాదు నుంచండి.”

“ఏం పని మీదండి?”

“గ్రావెల్ రైడ్‌కి వచ్చానండి.”

కొట్టు మొత్తం గప్‌చిప్. టీ వడగట్టే చెయ్యి గాల్లోనే ఆగింది. నాకు ఒక నిమిషం పట్టింది అర్థం కావడానికి. మన జిల్లాల్లో గ్రావెల్ అంటే సైకిలు కాదు, టిప్పర్లలో పోయే ఎర్రమట్టి. జిల్లా పేజీలో ‘గ్రావెల్ అక్రమ తవ్వకాలు’ అనే వార్త లేకుండా వారం గడవదు. ఇక రైడ్ అంటే అందరికీ తెలిసిన అర్థం ఒక్కటే. డ్రైవర్లు సగం టీ బల్ల మీద పెట్టి లేచారు. చూస్తుండగానే టిప్పర్లు మాయం. కొట్టు వెనక ఎవరో ఫోన్లో చెబుతున్నారు: “ఒక్కరే వచ్చారండి... కాదండి, జీపు లేదండి, సైకిలు మీద... ఆయ్, మఫ్టీలోనే ఉన్నారండి.”

నేను నిజం చెప్పబోయాను. ఇది ఆట అనీ, బాగాలేని రోడ్డును వెతుక్కుంటూ వచ్చి మరీ తొక్కుతామనీ, బాగా గతుకులుంటే సంతోషిస్తామనీ వివరించాను. నలుగురూ శ్రద్ధగా విన్నారు. అధికారులు పని మీద వచ్చినప్పుడు ఇలాంటివేవో చెబుతారని వాళ్లకు తెలుసు. టీ డబ్బులు తీసుకోలేదు. బలవంతంగా రెండు అరటిపళ్లు ఇచ్చారు.

బయల్దేరుతుంటే ఒక పెద్దావిడ వచ్చి సైకిలు పట్టుకుంది.

“మా గట్టు మీద తారు వేయించండి బాబూ.”

నా గుండె గుభేలుమంది. ప్రపంచ స్థాయి ట్రాకు మీద నిలబడి ఆవిడ అడుగుతున్న కోరిక ఇది!

“ఇంత మంచి దారి పాడైపోదా అమ్మా?” అన్నాను.

ఆవిడ అది విననట్టే చెప్పుకుపోయింది. ధాన్యంలో తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో పేచీ పెడతారు. ఆరబోద్దామంటే కళ్లాల్లో చోటు చాలదు. ఈ కంకర మీద పోస్తే రాళ్లు కలుస్తాయి. అందుకని బస్తాలన్నీ కిలోమీటరున్నర అవతలి తారు రోడ్డు మీదికి చేరవేసి, పరిచి, రాత్రికి మంచు పడకుండా బరకాలు కప్పి, అక్కడే కాపలా పడుకుంటారు. పొద్దున నేనూ ఆ రోడ్డు మీదే వచ్చాను. సగం వెడల్పు ధాన్యం, అంచున వరసగా రాళ్లు. ‘తారు మీద కూడా వదులు మట్టి దొరికింది’ అని నోట్సు రాసుకున్నాను కూడా. ఆవిడ మనవడు పరుగెత్తుకెళ్లి నోట్‌బుక్కులో కాగితం చింపి అర్జీ రాసుకొచ్చాడు. ఏడుగురు సంతకాలు, ముగ్గురు వేలిముద్రలు. వద్దనడానికి నోరు రాలేదు. జెల్ పొట్లాల పక్కన పెట్టుకున్నాను.

కోరంగి చేరేసరికి పొద్దు వాలింది. అడవి అంచున నిలబడి చూడాల్సిందే, సైకిలు లోపలికి పోదు. బురదలోంచి మడచెట్ల వేర్లు మేకుల్లా పైకి పొడుచుకుని ఉంటాయి, చెట్లు ఊపిరి పీల్చుకునేది వాటితోనే. వాటికి దూరంగానే ఉన్నాను గానీ, రోడ్డు మీది తుమ్మముల్లు పని కానిచ్చింది. పంక్చర్ షాపాయన చక్రం అటూ ఇటూ తిప్పి, “ట్యూబేదండి?” అన్నాడు. ఇది ట్యూబులెస్ అనీ, లోపల సీలెంట్ అనే తెల్లటి జిగురు ద్రవం ఉంటుందనీ, చిన్న కన్నమైతే తనంతట తాను పూడ్చుకుంటుందనీ గర్వంగా చెప్పాను.

“మరి పూడ్చుకోలేదు కదండీ,” అన్నాడు.

కాకినాడ దాకా ఆటో మీద వెళ్లాను. రాత్రి లాడ్జిలో రైడ్ అప్‌లోడ్ చేసి, రోడ్డు ఎలా ఉందన్న చోట ‘అద్భుతం, ఎవరూ చెడగొట్టకముందే వెళ్లి రండి’ అని రాశాను. తెల్లారేసరికి 47 లైకులు.

సంచీలో సీసా మూత ఊడి సీలెంట్ అంతా ఒలికింది. అర్జీ మధ్యలో తెల్లగా అట్టకట్టుకుపోయింది. వేలిముద్రలు బాగానే ఉన్నాయి, పై వరస కూడా చదవడానికి వస్తోంది: ‘గౌరవనీయులైన గ్రావెల్ అధికారి గారికి’. ఎవరికివ్వాలో తెలియక అలాగే ఉంచాను.