మహారాజశ్రీ బ్రిటిష్ యూనివర్సిటీ ర్యాంకు గారికి

మహారాజశ్రీ ర్యాంకు గారి సముఖమునకు,

హైదరాబాదు నుంచి, మేనకోడలికి యూకేలో మేనేజ్‌మెంట్ సీటు చూసిపెట్టే బాధ్యత నెత్తిన పడ్డ మేనమామ నమస్కరించి రాసేది. ఉభయకుశలోపరి.

ర్యాంకులు మాకు కొత్త కాదండి. ఎంసెట్ ఫలితాలొచ్చిన మర్నాడు పేపరు తెరిస్తే 1, 1, 2, 3, 3 అంటూ పేజీ నిండా పిల్లల ఫొటోలే. ఒకే పిల్లాడు రెండు కాలేజీల ప్రకటనల్లో నవ్వుతుంటాడు. ఆ గాలి పీల్చి పెరిగినవాళ్లం. అయినా మీ ముందు మావాళ్లు ఇంకా ఓనమాలు దిద్దాల్సినవాళ్లే.

మొన్న అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీకి వెళ్లాం. కౌన్సెలర్ అమ్మాయి ల్యాప్‌టాప్ మావైపు తిప్పి, "టాప్ టెన్ యూనివర్సిటీ అంకుల్" అంది. పేజీ అడుగున, భూతద్దం పెట్టి చూడాల్సిన అక్షరాల్లో అసలు సంగతి ఉంది. ఆ స్థానం దేశం మొత్తంలో కాదు, ఆ ప్రాంతంలోని కొత్త యూనివర్సిటీల్లో. అదీ ఒక్క సబ్జెక్టులో. అదీ విద్యార్థుల సంతృప్తిలో. అదీ ఎప్పుడో పాత ఏడాదిది. పక్క టేబుల్ దగ్గర ఇంకో కుటుంబానికి ఇంకో టాప్ టెన్ చూపిస్తున్నారు. అంత పెద్ద ఆఫీసులో పదకొండో స్థానం వచ్చిన యూనివర్సిటీ ఒక్కటీ కనబడలేదు, పాపం ఎక్కడికి పోయిందో! మేం పైసా కట్టక్కర్లేదట, సీటు కుదిరితే కమిషన్ యూనివర్సిటీయే ఇస్తుందట. "మా సర్వీస్ పూర్తిగా ఫ్రీ అంకుల్" అంటున్నప్పుడు ఆ అమ్మాయి ముఖంలో ఎంత దయో.

కన్సల్టెన్సీలను ఒక్కటే అనడం ఎందుకులెండి. 2017లో మీ దేశపు ప్రకటనల నియంత్రణ సంస్థే ఆరు యూనివర్సిటీల గొప్పలను తప్పుపట్టింది. ప్రపంచంలో టాప్ 1 శాతంలో ఉన్నామని చెప్పుకున్న లెస్టర్, విద్యార్థుల సంతృప్తిలో టాప్ ఫైవ్ అన్న ఈస్ట్ ఆంగ్లియా ఆ ఆరింటిలోవే. ఆ 1 శాతం కిటుకు నాకు భలే నచ్చింది. ర్యాంకులిచ్చేవాళ్లు లెక్కలోకే తీసుకోని యూనివర్సిటీలు ప్రపంచంలో వేలకు వేలున్నాయి. పోటీకి రానివాళ్లందర్నీ ఓడించేస్తే సరి!

పైగా మీరు ఒక్కరా? గార్డియన్, టైమ్స్, కంప్లీట్ యూనివర్సిటీ గైడ్ అని బ్రిటన్ వరకే ర్యాంకులిస్తూ ఇంటిపట్టున ఉండేవాళ్లు ముగ్గురు. క్యూఎస్, టైమ్స్ హయ్యర్ ఎడ్యుకేషన్ అని లోకం చుట్టేవాళ్లు ఇద్దరు. ఒకే యూనివర్సిటీ ఒకరి దగ్గర పైమెట్టు మీద ఉంటే ఇంకొకరి దగ్గర నేలమాళిగలో ఉంటుంది. మా మేనకోడలు వీటన్నిటినీ ముందేసుకుని కాసేపు చూసి, "మామయ్యా, ఇందులో నేను చేరే కోర్సు ఎక్కడుంది?" అంది.

నిజమే, ఎక్కడా లేదు. అది చదవబోయేది ఏడాది ఎమ్మెస్సీ. గార్డియన్ పట్టిక డిగ్రీ చదువులకు వేసింది. బ్రోషర్లలో మెరిసే ఆ సంతృప్తి మార్కులు నేషనల్ స్టూడెంట్ సర్వే (ఎన్‌ఎస్‌ఎస్) అనేదానివి. ఆ సర్వే డిగ్రీ చివరి ఏడాది పిల్లల్నే అడుగుతుంది, ఎమ్మెస్సీ వాళ్ల గుమ్మం తొక్కదు. ఇక క్యూఎస్ ప్రపంచ ర్యాంకులో 30 శాతం మార్కులు, ఏ యూనివర్సిటీ గొప్పదని లోకంలోని ప్రొఫెసర్లు అనుకుంటున్నారో దానికి. 20 శాతం అక్కడివాళ్ల పరిశోధనను మిగతావాళ్లు ఎంతగా ఉటంకిస్తున్నారో దానికి. పెళ్లికొడుకు ఎలాంటివాడంటే వాళ్ల తాతగారి పేరు విన్నవాళ్లను వాకబు చేసినట్టుంది. అన్నట్టు, విదేశీ విద్యార్థులు ఎక్కువగా ఉంటే మరో 5 శాతం. అంటే మా అక్కాబావలు పొలం కాగితాలు బ్యాంకులో పెట్టి పిల్లను పంపితే, మీ ర్యాంకు కూడా కాస్త పైకి జరుగుతుంది. మాకు థాంక్స్ చెప్పక్కర్లేదు లెండి.

రస్సెల్ గ్రూప్ అనే మంత్రం ఇంకొకటి. 1994లో 17 యూనివర్సిటీలు కలిసి పెట్టుకున్న సంఘం, ఇప్పుడు అందులో 24. పరిశోధన బలంగా ఉన్న మంచి యూనివర్సిటీలే, కాదనను. కానీ బిజినెస్ స్కూళ్లను విడిగా తూచి ఇచ్చే గుర్తింపు ముద్రలు మూడున్నాయి: ఏఏసీఎస్‌బీ, ఆంబా, ఈక్విస్. ఆ మూడూ ఉన్న ఆస్టన్, లాంకాస్టర్, స్ట్రాత్‌క్లైడ్ రస్సెల్ గ్రూపులో లేవు. ఈ ముక్క కౌన్సెలర్ నోట రాలేదు. ఆమె లండన్ క్యాంపస్ గురించి చెబుతోంది. సండర్‌లాండ్ యూనివర్సిటీ ఉండేది ఈశాన్య ఇంగ్లండ్ సముద్రతీరంలో, దానికి లండన్‌లో క్యాంపస్ ఉంది. ఉల్‌స్టర్ ఏకంగా ఉత్తర ఐర్లాండ్‌ది, అది సముద్రం దాటొచ్చి లండన్‌లోనూ బర్మింగ్‌హామ్‌లోనూ క్లాసులు పెట్టింది. తప్పేం లేదు. ర్యాంకు ఏ ఊళ్లో సంపాదించారు, పాఠం ఏ ఊళ్లో చెబుతారు అని మాత్రం అడిగాను. "లండన్ లండనే కదా అంకుల్" అంది.

మాకు కావాల్సిన గడులు మీ దగ్గర లేవండి. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే గ్రాడ్యుయేట్ వీసా రెండేళ్లది, 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవాళ్లకు 18 నెలలే. ఆ తర్వాత అక్కడే ఉండాలంటే స్పాన్సర్ చేసే కంపెనీ దొరకాలి, మామూలుగా ఏడాదికి 41,700 పౌండ్ల జీతం రావాలి, కొత్తగా చదువు ముగించినవాళ్లకైతే 33,400. మరి అలా స్పాన్సర్ చేసే కంపెనీలు క్యాంపస్‌కి ఎన్ని వచ్చాయి? ప్లేస్‌మెంట్ ఇయర్ అని, అంటే చదువులో భాగంగా కంపెనీలో పనిచేసే ఏడాది అని, బ్రోషర్లో రాసినదాన్ని యూనివర్సిటీ వెతికిపెడుతుందా, పిల్లే వెతుక్కోవాలా? ఒక సెమినార్ గదిలో ఎంతమంది కూర్చుంటారు? వీటికి ర్యాంకులిచ్చే ఓపిక మీకు లేదు. అక్కడ చదువుతున్న సీనియర్లను లింక్డ్‌ఇన్‌లో పట్టుకుని మా మేనకోడలే అడుగుతోంది. ఇద్దరు జవాబిచ్చారు. ఒకరు "ఫోన్ చెయ్, రాస్తే బాగుండదు" అన్నారట.

ఇట్లు,
మీ అభిమానుల ఇంట్లో మనిషి

తా.క.: మా పెదనాన్నగారికి ఈ వీసాలూ సెమినార్లూ పట్టవు. సీటు రాగానే ఊళ్లో ఫ్లెక్సీ కొట్టిస్తానని కూర్చున్నారు. దానికోసం ఏదో ఒక అంకె చూసి పంపగలరు. ఏ లెక్కలోదైనా ఫర్వాలేదు, సింగిల్ డిజిట్ అయితే చాలు.