పెంటయ్య పేరులో పరువుకేం తక్కువ?

పిల్లలకు పేర్లు వెతకడం ఇప్పుడు ఫోన్‌లో పని. నక్షత్రం చెబితే అక్షరం వస్తుంది, అక్షరం కొడితే వందల పేర్లూ పక్కనే అర్థాలూ వస్తాయి. పలకడానికి పొట్టిగా ఉండాలి, వీధిలో ఇంకెవరికీ ఉండకూడదు, అర్థం మాత్రం వెలుగో విజయమో అయి తీరాలి. ఎవరి ముచ్చట వారిది. నా పేచీ ఈ మోజు వెంట పెరిగిన చిన్నచూపుతో. తాత పేరు పెంటయ్య అని చెప్పడానికి మనవడికి నామోషీ. శుభలేఖలో ఆ పెద్దాయన ‘పి’ అనే ఒక్క అక్షరంగా మిగిలిపోతున్నాడు.

ఆ పేరు వెనక కథ తెలిస్తే సిగ్గుపడే పని ఉండదు. పుట్టిన బిడ్డలు పుట్టినట్టే పోతుంటే, ఆ తర్వాతి కానుపులో పుట్టినవాణ్ణి పెంటకుప్ప మీద పడుకోబెట్టేవాళ్లు. పారేసిన వస్తువు మీద మృత్యువు కన్ను పడదని ఆశ. అక్కణ్ణుంచి ఎత్తుకొచ్చాక వాడు పెంటయ్య. పుల్లాకుల్లో, అంటే ఎంగిలి విస్తళ్లలో దొర్లిస్తే పుల్లయ్య. దేవుడి దగ్గర బిచ్చమెత్తి తెచ్చుకున్న బిడ్డయితే బిచ్చమయ్య, బిక్షపతి. శ్రీకాకుళం, విజయనగరం వైపు ఇంకో పద్ధతి ఉంది. బిడ్డను పొరుగింటికి ఇచ్చేసి, తవుడు పోసి మళ్లీ కొనుక్కోవడం. తవిటయ్య, తవిటమ్మ, తవిటినాయుడు అలా వచ్చిన పేర్లే. బిడ్డ బతకడం కోసం కన్నతల్లి ‘వీడు నా వాడు కాదు’ అని నలుగురి ముందూ ఒప్పుకోవాలి. అంతటి ప్రేమ ‘వెలుగు’ అన్న అర్థంలో ఎక్కడుంది? ఆ పేర్లున్న అందరికీ ఈ తంతు జరగలేదు, నిజమే. తాతపేరుగా దిగివచ్చినవాళ్లే ఎక్కువ ఉంటారు. కానీ మొదటి పెంటయ్య వెనక మాత్రం బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లి ఒకతె ఉండే ఉంటుంది.

పల్లెటూరి మూఢనమ్మకం అని కొట్టిపారేసేవాళ్లు కాస్త లోకం చూడాలి. మంగోలియాలో నెర్గుయ్ అనే పేరుంది, అంటే ‘పేరులేనివాడు’. ఎనెబిష్ అంటే ‘ఇది కాదు’. ఖున్‌బిష్ అయితే ఏకంగా ‘మనిషి కాదు’. చావు వాకిట్లోకొచ్చి అడిగితే ఇంట్లోవాళ్లు చెప్పే అబద్ధాలివి. చైనా పల్లెల్లో గోషెంగ్ అనేవాళ్లు, ‘కుక్క వదిలేసింది’ అని. తూర్పు ఐరోపా యూదులు జబ్బుపడ్డ పసివాడికి ఆల్టర్, అంటే ‘ముసలాడు’ అని పేరు పెట్టేవారు. పసివాడి కోసం వచ్చిన మృత్యుదూత ముసలాడి పేరు విని ఇల్లు తప్పిందనుకుని పోవాలి! రోమన్ల పాలనలో ఉన్న ఈజిప్టు పత్రాల్లో పెంటకుప్ప పేరుతోనే కోప్రెయుస్, కోప్రియా కనిపిస్తారు. కుప్పల మీద వదిలేస్తే ఎవరో ఎత్తుకుని పెంచిన పిల్లలని కొందరు పండితుల వాదన. మన పెంటయ్యకు సొంత అన్నదమ్ములు వాళ్లు. నైజీరియా యోరుబాల్లో మళ్లీ మళ్లీ పుట్టి చనిపోయే బిడ్డను అబికు అంటారు. అలాంటి బిడ్డకు పెట్టే పేర్లలో ఒకటి కొసొకొ, ‘పార లేదు’ అని. గొయ్యి తవ్వడానికి ఇక మా ఇంట్లో పార లేదు, కాబట్టి చావకు అని బతిమాలడం. ఆ పేరుతో ఒకాయన 1845 నుంచి 1851 దాకా లాగోస్‌ను ఏలాడు. రాజయ్యాక పేరు మార్చుకోవాలని ఆయనకు తోచలేదు.

సంస్కృతం పేరైతేనే మర్యాద అనేవాళ్లకు ఋగ్వేదానికి చెందిన ఐతరేయ బ్రాహ్మణం అనే గ్రంథం చూపించాలి. అందులో అజీగర్తుడి కొడుకులు ముగ్గురు: శునఃపుచ్ఛుడు, శునఃశేపుడు, శునోలాంగూలుడు. మూడు పేర్లకూ అర్థం కుక్కతోకే. నడిమివాణ్ణి నూరు ఆవులకు యజ్ఞపశువుగా అమ్మేసింది ఆ తండ్రే. మన తవిటయ్యను అమ్మింది చంపడానికి కాదు.

మహారాష్ట్ర సతారా జిల్లాలో 2011లో ‘నకుశా’ అనే పేరున్న 285 మంది ఆడపిల్లలకు కొత్త పేర్లు పెట్టారు కదా, అది తప్పా అని అడగొచ్చు. తప్పు కాదు. నకుశా అంటే అక్కర్లేనిది. మగపిల్లాడు పుట్టలేదన్న కసితో పెట్టిన పేరు, పోవాల్సిందే. బడిలో తోటిపిల్లలు ఎగతాళి చేస్తున్నారని పేరు మార్చుకునే కుర్రాణ్ణీ నేను తప్పుపట్టను. కానీ అక్కర్లేదని పెట్టిన పేరునూ, కావాలని గుండెలు బాదుకుని పెట్టిన పేరునూ ఒకే గాటన కడితే ఒప్పుకోను.

అసలు నా బాధ చరిత్ర గురించి. రాజు దానం చేసిన మడిచెక్కకు శాసనం ఉంది, ఆ మడిలో నాట్లేసిన ఆడమనిషికి ఎంతమంది బిడ్డలు పోయారో చెప్పే రాత లేదు. జనన మరణాల నమోదుకు దేశమంతటికీ ఒకే చట్టం వచ్చిందే 1969లో. 1971 లెక్క ప్రకారం దేశంలో పుట్టిన ప్రతి వెయ్యిమందిలో 129 మంది ఏడాది నిండకుండానే పోయారు. 2020 నాటికి అది 28కి దిగింది. టీకాలు, ఆసుపత్రి కాన్పులు, మంచినీళ్లు, తల్లుల చదువు పెంటయ్యలతో ఇక పని లేకుండా చేశాయి, సంతోషం. అంతకుముందు తరాల్లో పోయిన బిడ్డలకు మాత్రం సమాధి రాళ్లు కూడా లేవు. వాళ్ల ఆనవాలు తర్వాత పుట్టి బతికిన తమ్ముడి పేరులో ఉంది. ఊరి పాత ఓటర్ల జాబితా తిరగేయండి. పెంటమ్మలు, పుల్లయ్యలు, బిచ్చమ్మలు వరసగా కనిపిస్తే అది ఆ ఊరి ఆరోగ్య చరిత్రే. ఇలాంటి కాగితాన్ని మన చరిత్రకారులు ఆధారంగా లెక్కేయడం అరుదు, శాసనం దొరికితే మాత్రం పండగ చేసుకుంటారు.

1962లో భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వచ్చింది. నాగలి భాగాలను ఏ ఊళ్లో ఏమంటారో రైతుల్ని అడిగి రాసుకున్నారు. ఎడ్లూ నాగళ్లూ పోయాక ఆ మాటలు దొరికే చోటు ఇప్పుడు అదే. పేర్ల కోసం కూడా జిల్లాల వారీగా అలాంటి పని జరగాలి: పేరు, ఊరు, ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు, ముందు ఎందరు పోయారు. విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు తలుచుకుంటే రెండు మూడు వేసవి సెలవుల పని. చెప్పగలిగినవాళ్లు ఎనభైలు దాటిన ముసలమ్మలు, కాబట్టి వచ్చే వేసవికే మొదలుపెట్టాలి.