మనిషిని తీసేయండి, ఫోన్ నంబరు మాత్రం ఉంచండి

క్లౌడ్ సర్వర్ల నిర్వహణలో ఇంకా సరిచెయ్యాల్సిన లోపం ఒక్కటే మిగిలిందని, అది మనిషేనని ఈమధ్య పెద్దలంతా ఒక మాట మీదకి వచ్చారు. నేనూ వాళ్ళ పక్షమే. మనిషికి నిద్రొస్తుంది, ఆకలేస్తుంది, సెలవడుగుతాడు. అన్నిటికంటే ఘోరం, డిలీట్ కమాండ్ ఇవ్వబోతూ ఒక్క క్షణం ఆగి "ఇది కస్టమర్లు వాడే ప్రొడక్షనా, టెస్టా?" అని అనుమానపడతాడు. కమాండ్లు వరసగా రాసిపెట్టిన స్క్రిప్టుకి ఈ జబ్బు లేదు. చెప్పింది చెప్పినట్టు చేస్తుంది, తప్పు చెబితే ఆ తప్పునీ అంతే భక్తిగా, వెయ్యి సర్వర్ల మీద, ఒక్కదాన్ని కూడా వదలకుండా చేసి పెడుతుంది. ఇంత క్రమశిక్షణ ఉన్న ఉద్యోగి ఇంకెక్కడ దొరుకుతాడు?

అందుకే ప్యాచ్‌లు వెయ్యడం, బ్యాకప్‌లు తియ్యడం, సర్టిఫికెట్లు మార్చడం, డిస్క్ నిండితే పాత లాగ్‌లు ఊడ్చెయ్యడం, ట్రాఫిక్ పెరిగితే సర్వర్లు పెంచడం, అన్నీ ఆటోమేట్ చేసేశాం. రాత్రి మూడింటికి ఫోన్ మోగితే ఎత్తే పని ఒక్కటి మిగిలింది. దాన్ని కూడా ఆటోమేట్ చేద్దామని ఎవరూ అనట్లేదు, ఎందుకో మరి.

అనుమానం ఉన్నవాళ్ళు ఏదైనా పాత సర్వర్‌లో క్రాన్‌ట్యాబ్, అంటే ఏ స్క్రిప్ట్ ఎప్పుడు నడవాలో రాసిపెట్టే ఫైలు, తెరిచి చూడండి. నిమిషం, గంట, తేదీ, నెల, వారం, అయిదు గడులు, వాటి పక్కన రాత్రి రెండింటికి లేచి పనిచేసే బ్యాకప్ స్క్రిప్ట్. పైన ఒక కామెంట్ ఉంటుంది: "తాత్కాలికం, వచ్చే వారం మార్చాలి." అది రాసినవాడు ఉద్యోగం మారి ఏళ్ళయింది, ఆ వచ్చే వారం మాత్రం ఇంకా రాలేదు. అసలు తత్వమంతా ఆ లైన్ చివర ఉంది: అవుట్‌పుట్టూ, ఎర్రర్లూ రెండూ డెవ్ నల్ అనే అడుగులేని చెత్తబుట్టలోకి. అంటే ఆ స్క్రిప్ట్ ఏం చెప్పినా ఎవరి చెవినా పడదు, గోల పెట్టినా పడదు. రోజూ మెయిల్ వస్తోందని విసుగొచ్చి ఎవరో చేసిన ఏర్పాటు అది. అప్పట్నుంచి మెయిల్ రావట్లేదు కాబట్టి బ్యాకప్ దివ్యంగా నడుస్తోందని అందరి నమ్మకం. నిజంగా నడుస్తోందా అంటారా? అది తెలియాలంటే డేటా పోవాలి.

పోతే ఎలా ఉంటుందో 2017 జనవరి 31న ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ అందరికీ చూపించింది. అలసిపోయిన ఇంజినీరు ఒకాయన రాత్రిపూట ఒక సర్వర్ అనుకుని ఇంకో సర్వర్‌లో డేటాబేస్ ఫోల్డర్ చెరిపేశాడు, 300 జీబీ దాకా ఉన్నదాంట్లో నాలుగున్నర జీబీ మిగిలింది. సరే, మనిషి కదా. మరి ఆటోమేషన్ ఏం చేసింది? రోజూ డేటాబేస్ కాపీ తియ్యాల్సిన ప్రోగ్రాం వెర్షన్ కుదరక ఎప్పట్నుంచో ఫెయిలవుతూనే ఉంది. పాపం అది నిజాయితీగా ఫెయిలయ్యానని మెయిళ్ళు కూడా పంపింది, కానీ ఆ మెయిళ్ళకి సరైన సంతకం లేదని అవతలి మెయిల్ సర్వర్ తిప్పికొట్టింది, అదీ ఆటోమేటిగ్గానే. ఒక యంత్రం ఆర్తనాదం చేస్తుంటే ఇంకో యంత్రం రూల్స్ ప్రకారం తలుపేసింది. చివరికి డేటాని కాపాడింది ఏమిటంటే, ప్రమాదానికి ఆరు గంటల ముందు ఒక ఇంజినీరు వేరే పని కోసం చేత్తో తీసుకున్న స్నాప్‌షాట్, అంటే ఆ క్షణానికి ఉన్న డేటా కాపీ. ఇలాంటి చేతిపనులని కంపెనీలు ఎందుకు సహిస్తున్నాయో నాకర్థం కాదు.

ఇక స్వీయ చికిత్స. సర్వర్ల మీద ప్రోగ్రాంలని నడిపించే కుబర్నెటీస్‌లో కంటైనర్, అంటే ప్రోగ్రాం ఉండే డబ్బా, చచ్చిపోతే అది దాన్ని మళ్ళీ లేపుతుంది, మళ్ళీ చస్తే పది సెకన్లు ఆగి లేపుతుంది, ఇంకా చస్తుంటే ఇరవై, నలభై, అలా రెట్టింపు చేసుకుంటూ అయిదు నిమిషాల దాకా ఆగి మరీ లేపుతుంది. ఆ సర్వీసు ఎందుకు చస్తోందని మాత్రం అడగదు, అది దాని డ్యూటీ కాదు. వాడిన మెమరీ తిరిగివ్వకుండా లీక్ చేస్తున్న ప్రోగ్రాంని రోజూ రాత్రి రీస్టార్ట్ చేసే స్క్రిప్ట్ ఒకటి రాసి, టికెట్ మూసేసి, దానికి "రిజాల్వ్‌డ్" అని పేరు పెట్టే సంస్కారం మనకి ఎప్పుడో అలవడింది. డ్యాష్‌బోర్డ్ పచ్చగా ఉంటే చాలు. ఆ పచ్చదనం కూడా నమ్మేది కాదనుకోండి: 2017 ఫిబ్రవరి 28న ఫైళ్ళు దాచే అమెజాన్ ఎస్3 సర్వీసు పడిపోయినప్పుడు, సర్వీసుల పరిస్థితి చూపించే అమెజాన్ పేజీని మార్చలేకపోయారు, ఎందుకంటే దాన్ని మార్చే కన్సోల్ కూడా ఎస్3 మీదే ఆధారపడి ఉంది. మంటలు చూపించాల్సిన పేజీ ఆ మంటల్లోనే ఉందన్నమాట.

అయితే నా అభిమాన సంఘటన ఇవేవీ కాదు. ఆస్ట్రేలియాలో యూనీసూపర్ అని ఒక పెన్షన్ ఫండ్ ఉంది, ఆరు లక్షలకి పైగా సభ్యులు. వాళ్ళకి ప్రైవేట్ క్లౌడ్, అంటే వాళ్ళకి మాత్రమే కేటాయించిన సర్వర్లు, ఏర్పాటు చేసేటప్పుడు గూగుల్ సిబ్బంది తమ సొంత టూల్‌లో ఒక గడి నింపకుండా వదిలేశారు. అంతే, ఇంకే పాపమూ చెయ్యలేదు. గడి ఖాళీగా ఉంటే ఏడాది గడువు అని ఆ టూల్ తనకు తానే అనుకుంది, ఎవరికీ చెప్పలేదు. ఏడాది ఓపిక పట్టింది. 2024 మేలో గడువు తీరగానే లేచి, ఆ పెన్షన్ ఫండ్ ప్రైవేట్ క్లౌడ్‌ని శుభ్రంగా తుడిచేసింది. తుడిచే ముందు కస్టమర్‌కి ఒక్క ముక్క చెప్పొచ్చుగా అంటే, అలాంటి నోటీసు కస్టమరే తీసెయ్యమని అడిగినప్పుడు వెళ్తుందట, ఇక్కడ కస్టమర్ అడగలేదు కాబట్టి వెళ్ళలేదట. ఈ వాక్యాన్ని ఇంకోసారి చదవండి. మీరు అడగలేదు కాబట్టి మీకు చెప్పలేదు. ఏ ప్రభుత్వ కార్యాలయమైనా దీని ముందు చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. ఫండ్ వాళ్ళు విడిగా, వేరే కంపెనీ దగ్గర కూడా, బ్యాకప్‌లు పెట్టుకున్నారు కాబట్టి బతికి బయటపడ్డారు, అంటే పూర్తిగా నమ్మకపోవడమే వాళ్ళని కాపాడింది. తర్వాత గూగుల్ ఆ టూల్‌ని పక్కన పడేసి, ఆ పని ఇప్పుడు పూర్తిగా ఆటోమేట్ అయిందని ప్రకటించింది. నేను లేచి నిలబడి చప్పట్లు కొట్టాను.

ఇంత ఆనందంలో ఉండగా 2025 అక్టోబర్‌లో అమెజాన్ నన్ను నిరాశపరిచింది. వాళ్ళ డేటాబేస్ సర్వీసు డైనమోడీబీకి ఏ అడ్రసులు ఉండాలో ప్లాన్ ప్రకారం చూసుకునే ప్రోగ్రాంలు కొన్ని ఉన్నాయి. ఒకటి ఏదో ఆలస్యమై పాత ప్లాన్ పట్టుకుని నిదానంగా నడుస్తోంది, ఈలోగా ఇంకోటి కొత్త ప్లాన్ అమలు చేసేసి, పాతవన్నీ చెత్త కింద ఊడ్చెయ్యడం మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే ఆ నిదానస్తురాలు తన పాత ప్లాన్‌ని కొత్తదాని మీద రాసేసింది, దాన్నే ఊడ్చేవాడు ఊడ్చేశాడు. ఇద్దరూ ఎవరి డ్యూటీ వాళ్ళు చేశారు, మిగిలింది ఖాళీ అడ్రసు. ఆటోమేషన్ దాన్ని బాగు చెయ్యలేకపోయింది, మనుషులే వచ్చి చేత్తో సరిచేశారు. ఆ తర్వాత కంపెనీ ఏకంగా ఆ ఆటోమేషన్‌ని, దాని లోపం సరిదిద్దేదాకా, ప్రపంచమంతటా ఆపేసింది. ప్రగతికి ఇంతకంటే ద్రోహం ఉంటుందా? నిరక్షర కుక్షిలా చేత్తో సరిచెయ్యడమేమిటి, అంత పెద్ద కంపెనీ!

చేత్తో సరిచేసేవాళ్ళు ఎంతకాలం దొరుకుతారన్నది మాత్రం చిన్న చిక్కే. మామూలు రోజుల్లో అన్నీ స్క్రిప్టులే చేస్తుంటే కుర్రవాళ్ళు చెయ్యి పెట్టి నేర్చుకునే పనే ఉండదు, ఇక స్క్రిప్టులు చేతులెత్తేసిన రోజున ఎదురయ్యేది అన్నిటికంటే కష్టమైన సమస్య, అదీ నిద్ర కళ్ళతో. ఈత కొట్టనివ్వకుండా గట్టు మీద కూర్చోబెట్టి వరదొచ్చినప్పుడు తొయ్యడం అంటారు కొందరు. గిట్టనివాళ్ళు అలాగే అంటారు.

దీనికి విరుగుడుగా ఇప్పుడు ఏఐ ఏజెంట్లు వచ్చాయి. అలర్ట్ రాగానే చదివి, "డిస్క్ నిండినట్టు కనిపిస్తోంది, నిండకుండా చూసుకోవడం మంచిది" అని చక్కటి భాషలో సారాంశం రాసిస్తాయి. కింద ఏం చెయ్యాలో కమాండ్ కూడా అవే రాసి, పక్కన "అప్రూవ్" అని ఒక బటన్ పెడతాయి. మనిషి పర్యవేక్షణ ఉందని ఆడిటర్‌కి చెప్పుకోవడానికి ఆ బటన్. రాత్రి మూడింటికి ముప్పయ్యో కమాండ్‌ని ఎంతమంది పూర్తిగా చదివి నొక్కుతారో ఆడిటర్ అడగడు, ఎవరు నొక్కారో పేరుంటే ఆయనకి చాలు. మన ఏర్పాటులో మనిషిని ఇంకా ఎందుకు ఉంచామో ఇక్కడ తెలుస్తుంది: నిర్ణయం తీసుకోవడానికి కాదు, రేపు రిపోర్టులో రాసుకోవడానికి ఒక పేరు కావాలి.

అందుకని నాదొక విన్నపం. సర్వర్ పడ్డాక రాసే ఆ రిపోర్టుని కూడా ఆటోమేట్ చేసెయ్యండి. ఎన్నింటికి పడింది, ఎన్నింటికి లేచింది, కస్టమర్ల అసౌకర్యానికి ఎంత చింతిస్తున్నాం, ఇవన్నీ యంత్రమే నింపుకుంటుంది. మూల కారణం అనే గడి మాత్రం జాగ్రత్త. ఎవరూ నింపకుండా వదిలేస్తే అందులో డీఫాల్ట్‌గా "మానవ తప్పిదం" అని పడేలా సెట్ చెయ్యండి.