రెండో తాళానికి జడ్ ప్లస్ భద్రత

మన ఇళ్లలో అత్యున్నత భద్రత బంగారానిదని ఒక అపోహ ఉంది. బంగారం పెళ్లిళ్లకైనా బయటికొస్తుంది. కారు రెండో తాళంచెవి అలా కాదు. కారు కొన్ననాడు బీరువా లాకర్లోకి వెళ్తే, మళ్లీ కారు అమ్మేనాడే వెలుగు చూస్తుంది.

1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ మొట్టమొదటి మారుతి 800 తాళాలు హర్‌పాల్ సింగ్‌కి అందించారు. ఆ ఘట్టం గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ కారు రెండో తాళాన్ని పట్టించుకున్నవాడు లేడు. అన్యాయం అక్కడే మొదలైంది.

నా పాత కారు సంగతికొద్దాం. కంపెనీ పేరు అనవసరం, తప్పు దానిది కాదు. మే నెల, విజయవాడ, రైతుబజారు ముందు పట్టపగలు. తలుపు బుడిపె నొక్కి, హ్యాండిల్ ఎత్తి పట్టుకుని డోరు వేశాను. ఎత్తి పట్టుకోకుండా వేస్తే ఆ బుడిపె దానంతటదే పైకి లేస్తుంది. మనిషికి మతిమరుపుంటుందని తెలిసి చేసిన ఏర్పాటు. దాన్నీ ఓడించాను. తాళాల గుత్తి ఇగ్నిషన్‌కి వేలాడుతూ, వెంకన్న బిళ్లతో సహా, అద్దంలోంచి నన్నే చూస్తోంది.

ఇంటికి ఫోన్ చేశాను.

"బీరువా లాకర్లో రెండో తాళం ఉంటుంది, అబ్బాయికిచ్చి పంపించు."

"బీరువా తాళమేదీ?"

"నా గుత్తిలోనే..."

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. "కొత్తిమీర వాడిపోతుందేమో చూస్కోండి" అని ఆవిడ పెట్టేసింది.

ఈలోగా జనం పోగయ్యారు. ఒకాయన అద్దం పగలగొట్టమన్నాడు, కారు ఆయనది కాదు కదా. చివరికి పుచ్చకాయల బండి కుర్రాడు "జరగండి బాబాయ్" అంటూ ఒక స్టీలు స్కేలుతో వచ్చాడు. అద్దానికీ రబ్బరు బీడింగుకీ మధ్య దాన్ని దించి, లోపలేదో తడిమి లాగాడు. బుడిపె టక్కున లేచింది. నేను ముప్పావుగంట ప్రార్థించిన తలుపు అర నిమిషంలో తెరుచుకుంది. అంటే ఇన్నేళ్లుగా ఆ లాకు ఆపుతున్నది దొంగని కాదు, యజమానిని!

కొత్త కార్లవాళ్లు నవ్వక్కర్లేదు. వాళ్ల తాళంచెవుల్లో చిప్పు ఉంటుంది. రోడ్డుపక్క మిషను మీద నకలు కోయిస్తే తలుపు తెరుచుకోవచ్చు గానీ ఇంజను మాత్రం స్టార్టవదు. అప్పుడు షోరూమ్‌లో చెప్పే ధర వింటే గుండె కూడా స్టార్టవదు.

అసలు రెండో తాళం ఎవరిదో ఈ మధ్యే బోధపడింది. కారు పోయిందని క్లెయిము పెడితే ఇన్సూరెన్సువాళ్లు అడిగేది "రెండు తాళాలూ ఏవి?" అని. సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాడూ అదే అడిగి, లేదంటే ధర కోస్తాడు. కాబట్టి అది వాళ్లది. మనం కాపలాదారులం, జీతం లేదు.

ఇక నేను దాని మీద ఆశ వదులుకుని ఒక స్టీలు స్కేలు కొన్నాను. ఎక్కడో పెట్టి మరిచిపోతానని, జాగ్రత్తగా కారు డాష్‌బోర్డులోనే పెట్టాను.