వీణ, వైఫై, మోక్షం

వీణావాదన తత్త్వం తెలిసి, శ్రుతిజ్ఞానం, తాళజ్ఞానం ఉన్నవాడు ప్రయాస లేకుండానే మోక్షమార్గం చేరుతాడని యాజ్ఞవల్క్య స్మృతి చెబుతోంది. ఆ 'ప్రయాస లేకుండా' అన్న మాటకు ఇన్నాళ్ళూ సరైన వ్యాఖ్యానం లేదు. చెన్నైలో ఏడాదిగా ఫోను ముందు కూర్చుని వీణ నేర్చుకుంటున్నదాన్ని కాబట్టి ఆ లోటు నేను తీరుస్తాను.

మా గురువుగారు మైలాపూరులో, కపాలీశ్వరుడి గుడి దగ్గర ఉంటారు. నేనుండేది టి.నగర్‌లో. మధ్యలో మెట్రో తవ్వకాలు. పూర్వం శిష్యులు గురువుగారింట నీళ్ళు తోడి, బట్టలు ఉతికి, ఆయనకు దయ కలిగిన రోజున ఒక్క సంగతి నేర్చుకునేవారట. నాకా శ్రమ లేదు. ఒకటో తేదీన ఫోనులో డబ్బు పంపిస్తే నీళ్ళన్నీ తోడినట్టే.

శ్రుతి సంగతి చూడండి. వీడియో కాల్ దృష్టిలో మనిషి మాట ఒక్కటే శబ్దం. ఆగకుండా ఒకే స్థాయిలో మోగేదంతా ఫ్యాను హోరు. అందుచేత నా శ్రుతిపెట్టెను అది వెంటనే తుడిచేస్తుంది, మీటిన తీగ నాదాన్నీ సగంలో తుంచేస్తుంది. సెట్టింగు మార్చుకుంటే సరిపోతుందని గురువుగారు నాలుగుసార్లు చెప్పారు. నేనెందుకు మారుస్తాను? వీణకు ప్రాణం గమకం. తీగను మెట్టు మీద పక్కకు లాగి పై స్వరం పలికించాలి. ఎంత లాగాలో చెప్పగలిగేది చెవి ఒక్కటే, ఆ చెవి మైలాపూరులో ఉంది. 24 మెట్లలో ఎక్కడ జారిపడినా సాక్షి లేడు.

తాళమైతే ఇంకా సుఖం. నా మీటు గురువుగారిని చేరడానికి కాస్త ఆలస్యం, ఆవిడ 'తప్పు' నన్ను చేరడానికి మరికాస్త. (తప్పు తమిళంలోనూ తప్పే కనుక భాషాసమస్య అని కూడా తప్పించుకోలేను.) ఆ మాట వినబడేసరికి ఆదితాళంలో మూడు అక్షరాలు ముందుంటాను. తప్పు దేనికి పడిందో ఇద్దరికీ తేలదు. "నెట్‌వర్క్ అండీ" అంటాను. ఎదురుగా కూర్చుంటే తొడ మీద తాళం వేస్తూ ఆవిడ ఒక్క చూపు చూసేవారు, నా చెయ్యి ఆగిపోయేది. తెర మీద ఆ చూపు కనబడదు. కనబడుతుందేమో, పాఠం సాగినంతసేపూ నేను చూసుకునేది నన్నే.

ఒక్క చిక్కుంది. తీగ మీద వేళ్ళు జారడానికి కొబ్బరినూనె రాసుకుంటాం కదా, ఆ వేళ్ళతో ఫోను ముట్టుకుంటే మైకు ఆపబోతే వీడియో కాలే ఆగిపోతుంది. దీనినీ నేను దోషాల్లో లెక్కపెట్టడం లేదు.

ఇలా వర్ణమనే కష్టమైన పాఠం దాకా వచ్చేశాను. గురువుగారు తప్పులు పట్టడం బాగా తగ్గించారు. అది నా సాధన ఫలమనే అనుకుంటున్నాను.

ఇంట్లో ఏ కత్తిరింపూ, ఏ ఆలస్యమూ లేకుండా నా వీణ వినేది మా అత్తగారు. ఆవిడ పుట్టిల్లు బొబ్బిలి. నిన్న పాఠం అయ్యాక వచ్చి, వీణ కుండను మెల్లగా నిమిరారు.

"మా బొబ్బిలి పక్క గొల్లపల్లిలో దీన్ని ఒకే పనస దుంగ తొలిచి చేస్తారమ్మా. పాపం, ఆ చెట్టును ఉంచేసి ఉంటే ఏటా కాయలైనా కాసేది."