మూడు రోజుల రూలు, మూడొందల కిలోమీటర్ల ఊరు

"వారానికి మూడు రోజులు ఆఫీసుకి రండి, మిగతా రెండు రోజులు ఇంటి దగ్గర చేసుకోండి." ఐటీ కంపెనీలు హైబ్రిడ్ అని పిలిచే ఈ మాట విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఉన్నవాళ్ళకి వరంలా వినిపించి ఉంటుంది. ఆంధ్రా సరిహద్దుకి దగ్గర్లో ఒడిశాలో ఉన్న మా బరంపురంలో, గిరి రోడ్డు పక్క సందులో మేడ మీద గదిలో కూర్చుని లాప్‌టాప్ తెరిచేవాడికి మాత్రం దాని అర్థం వేరు. ఇక్కడి నుంచి విశాఖ 270 కిలోమీటర్ల పైచిలుకు, రైల్లో నాలుగైదు గంటలు. మంగళ, బుధ, గురువారాలు ఆఫీసులో కనపడాలంటే సోమవారం సాయంత్రం సంచి సర్దుకోవాలి, గురువారం రాత్రి రైలెక్కి శుక్రవారం నిద్రమొహంతో లాగిన్ కావాలి. రెండు మూడు వారాలు అలా తిరిగాక ఎవడైనా చివరికి చేసే పని విశాఖలో ఒక గది అద్దెకి తీసుకోవడమే. గది తీసుకున్నాక ఇంక హైబ్రిడ్ ఏముంది? అది ఐదు రోజుల ఉద్యోగమే, కాకపోతే రెండు రోజులు వైఫై బిల్లు మనది.

కంపెనీలు హైబ్రిడ్‌ని రోజుల లెక్కగా చూస్తున్నాయి, గొడవంతా అక్కడే ఉంది. 2020లో టీసీఎస్ 2025 నాటికి పాతిక శాతం మంది ఆఫీసులో ఉంటే చాలంది, 2023 అక్టోబరు వచ్చేసరికి అందర్నీ వారానికి ఐదు రోజులు రమ్మంది. విప్రో 2023 నవంబరు నుంచి వారానికి మూడు రోజులు తప్పనిసరి చేసింది. ఇన్ఫోసిస్ నెలకి పది రోజులంది. చూడటానికి ఈ రెండు లెక్కలూ దగ్గరగానే ఉన్నాయి, వారానికి మూడంటే నెలకి పన్నెండు పదమూడు రోజులు. కానీ మాలాగే సరిహద్దులో ఉన్న పర్లాకిమిడి వాడికో, ఇచ్ఛాపురం వాడికో ఈ రెంటికీ నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా. నెల లెక్కయితే, మేనేజరు సరేనంటే, పది రోజులూ రెండు వారాల్లో వరసగా చేసేసి ఇంటికి రావచ్చు. వారం లెక్కయితే నెలకి నాలుగుసార్లు రానూ పోనూ. రోజులు కాదు, ప్రయాణాలు లెక్కపెట్టమని మా హెచ్చార్‌కి నేను రాసిన మెయిల్ సారాంశం ఇంతే.

ఇంటి నుంచి చేస్తే పని చెడుతుందన్న భయానికి జవాబు ఇప్పటికే ఉంది. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ నికొలస్ బ్లూమ్ బృందం చైనాలోని ట్రిప్‌డాట్‌కామ్ అనే ప్రయాణాల బుకింగ్ కంపెనీలో 1,612 మంది మీద చేసిన పరిశోధన 2024లో నేచర్ పత్రికలో వచ్చింది. వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పనిచేసినవాళ్ళలో ఉద్యోగం మానేసేవాళ్ళు మూడో వంతు తగ్గారు, పనితీరు రేటింగుల్లో గానీ ప్రమోషన్లలో గానీ తేడా రాలేదు. ఎక్కువ లాభపడింది ఆడవాళ్ళూ, మేనేజర్లు కానివాళ్ళూ, దూరం నుంచి వచ్చేవాళ్ళూ. నాకు నచ్చింది ఇంకోటుంది. మొదలవక ముందు అక్కడి మేనేజర్లు ఉత్పాదకత 2.6 శాతం పడిపోతుందనుకున్నారు, అయిపోయాక అడిగితే ఒక శాతం పెరిగిందన్నారు. అంటే ఆ భయం పోయింది చర్చలతో కాదు, ఓ ఆరు నెలలు చేసి చూస్తేనే. కాకపోతే వాళ్ళు షాంఘైవాళ్ళు, పొద్దున వెళ్ళి సాయంత్రానికి ఇల్లు చేరేవాళ్ళు. వాళ్ళకి కుదిరిన మూడూ-రెండూ లెక్కని తెచ్చి సరిహద్దు ఊళ్ళకి అతికిస్తే అతకదు.

ప్రయాణం సంగతి అలా ఉంచితే, నన్ను బాగా దెబ్బతీసింది సగం గది మీటింగు. పాత కంపెనీలో ఐదుగురు విశాఖ ఆఫీసు గదిలో, నేనొక్కణ్ణే తెర మీద. బల్ల చివర లాప్‌టాప్, దాని కెమెరాకి కనిపించేది ఒకళ్ళ మోచేయి, ట్యూబులైటు పడి మెరిసే బోర్డు. ఎవరో ఏదో అంటారు, అందరూ నవ్వుతారు, "ఏమైంది?" అని టైపు చేస్తే "ఏం లేదులే" అంటారు. కాల్ కట్టయ్యాక కిందికి టీకి వెళ్ళినప్పుడు డిజైన్ మార్చేశారు. ఆ సంగతి నాకు తెలిసింది రెండు రోజుల తర్వాత, అప్పటికి పాత డిజైన్ మీద నా పని దాదాపు పూర్తయింది. కోప్పడదామంటే ఎవరి మీద? ఎవరూ కావాలని చేయలేదు. కానీ ఆ ఏడాది అప్రైజల్లో నాకు వచ్చిన మాట "టీమ్‌తో కలవడం తక్కువ".

ఇప్పుడు నేను చూసే చిన్న టీమ్‌లో రెండు పట్టింపులు పెట్టుకున్నాం. ఒక్కడు తెర మీద ఉన్నా అందరూ ఎవరి లాప్‌టాప్ ముందు వాళ్ళే కూర్చోవాలి, పక్కపక్క కుర్చీల్లో ఉన్నా సరే. టీ కొట్టు దగ్గర ఏం తేల్చుకున్నా సాయంత్రంలోగా రాతలో పెట్టాలి, రాయనిది నిర్ణయం కాదు. మొదట్లో వెటకారం చేశారు, తర్వాత అలవాటైంది.

ఆఫీసుకి పిలిచిన వారం మాత్రం ఆఫీసు వారంలాగే ఉండాలి. అంత దూరం రప్పించి, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని మళ్ళీ బెంగళూరు వాళ్ళతో కాల్స్ మాట్లాడటానికైతే ఇంట్లో కుర్చీ చాలు. వచ్చే నెల పని పంచుకోవడం, తెగని వాదాలు తెంచుకోవడం, కొత్తవాళ్ళ పక్కన కూర్చుని కోడ్ చూడటం, ఆ వారం వీటికే. కొత్తగా చేరినవాళ్ళ విషయంలో నేను పాతకాలం మనిషినే, మొదటి మూడు నాలుగు నెలలు ఆఫీసుకి రమ్మనే చెబుతాను. పక్క సీటువాణ్ణి చూసి నేర్చుకునేది చాట్‌లో రాదు.

ఇంకా చిల్లర విషయాలని తీసిపారేసేవి కొన్ని ఉన్నాయి. ఇక్కడ తుపాను అంటే మాటలు కాదు, 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, 2018లో తిత్లీ గజపతి జిల్లాని ముంచింది. వేసవి సాయంత్రం గాలివాన వస్తే కరెంటు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. మేం ఇంట్లో ఉండటం వల్ల కంపెనీ కుర్చీల మీదా ఏసీ మీదా మిగుల్చుకున్న డబ్బులో కొంచెం ఇన్వర్టర్‌కి ఇస్తే తప్పేం లేదు. సెలవుల జాబితా ఆంధ్రాది, మా ఇంటి చుట్టూ జరిగేది ఒడియావాళ్ళ రజ పండగ. రెండేళ్ళకోసారి ఠాకురాణి అమ్మవారు పుట్టింటికి వచ్చే జాతరకి ఊరు ఊరంతా రాత్రుళ్ళు వీధుల్లోనే ఉంటుంది, ఆ రోజుల్లో తొమ్మిదింటి స్టాండప్‌కి, అంటే టీమ్ రోజూ పెట్టుకునే చిన్న మీటింగుకి, మమ్మల్ని లేపడం మేనేజరు వల్ల కూడా కాదు. నాలుగు సెలవులు ఎవరిష్టం వాళ్ళది అని వదిలేస్తే సరిపోతుంది.

అన్నిటికంటే ముందు తేదీలు. 2024 నవంబరు నుంచి రైల్వే రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుచుకుంటోంది, మా ఆఫీసు మాత్రం "వచ్చే సోమవారం అందరూ రావాలి" అని శుక్రవారం మధ్యాహ్నం మెయిల్ పెట్టేది. ఆ మెయిల్ వచ్చాక తత్కాల్ దొరకని ప్రతిసారీ మా టీమ్‌లో ఎవరో ఒకరు జనరల్ బోగీలో నిలబడి వచ్చారు. ఇప్పుడు ఒప్పందం ఇదీ: నెలకో వారం, రెండు నెలల ముందే తేదీ, మార్చాలంటే టికెట్ డబ్బు కంపెనీది. ఆరు నెలలు చూద్దామన్నారు, నాలుగు అయ్యాయి. ఈ నాలుగు నెలల్లో తేదీ మార్చింది ఒక్కసారే, ఆరుగురి టికెట్ల డబ్బులూ ఇచ్చారు.