గుడారాల ఫైలు గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ గుడారాల ఫైలు గారికి,

నమస్కారములు. ఇచ్చట అందరం క్షేమం. అచ్చట మీ క్షేమ సమాచారములు తెలియజేయగలరు. అచ్చట అంటే ఎచ్చట అని మాత్రం నన్ను అడక్కండి. అది తెలిస్తే ఈ ఉత్తరం ఎందుకు, నేనే వచ్చి వాలిపోయేవాణ్ణి.

మీరు నన్నెరగరు. నేను మిమ్మల్ని మూడేళ్ళుగా వెతుకుతున్నాను. నాకు కావలసింది మహా విషయమేమీ కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం పుట్టింది, కర్నూలు రాజధాని అయింది, చాలినన్ని భవనాలు లేక ప్రభుత్వం గుడారాల్లో కాపురం పెట్టింది. ఇంతవరకు బడిపిల్లలకూ తెలుసు. ఆ గుడారాలు ఎక్కడివి, ఎంతకు తెచ్చారు, వానొస్తే కాగితాలు ఎక్కడ దాచుకున్నారు, సంసారం హైదరాబాదుకు మారాక ఆ గుడ్డంతా ఏమైంది? ముఖ్యమంత్రి ప్రకాశం పంతులు గారు, గవర్నరు త్రివేది గారు అని ఏ పుస్తకం తెరిచినా ఉంటుంది. గుడారం మేకుల లెక్క మాత్రం ఎక్కడా లేదు. అది మీ పొట్టలోనే ఉండాలి. సర్కారు మేకు కొని ఫైలు పెట్టకుండా ఉంటుందా? ఆ ఒక్క నమ్మకంతోనే బయల్దేరాను.

మొదట్లో నాది ఎంత అమాయకత్వమంటే, కర్నూలులో జరిగిన సంగతి కాబట్టి కాగితం కర్నూలులో ఉంటుందనుకున్నాను. సంగతి జరిగిన చోట కాగితం ఉండదని, అప్పట్లో ఏలినవారు ఎక్కడ కూర్చున్నారో అక్కడ ఉంటుందని తెలియడానికి నాకు రెండు జతల చెప్పులు అరిగాయి. 1953కు ముందు మనల్ని ఏలింది మద్రాసు. కనుక గోదావరి ఆనకట్ట కబురైనా, అనంతపురం కరువు కబురైనా చెన్నై ఎగ్మూరులోని పాత రికార్డాఫీసులో, అంటే ఇప్పటి తమిళనాడు ఆర్కైవ్స్‌లో అడగాలి. ఆంధ్ర రాష్ట్రం ఏర్పాటు గురించి జస్టిస్ వాంఛూ గారిచ్చిన నివేదిక మీద కేంద్రం నడిపిన ఉత్తర ప్రత్యుత్తరాలు కావాలంటే ఢిల్లీ జాతీయ అభిలేఖాగారం, అంటే నేషనల్ ఆర్కైవ్స్. దొరల కాలపు అసలు కాగితాల్లో ఒక వంతు ఏకంగా లండనులో ఉన్నాయి. మా ఊరి చెరువు సంగతి తెలుసుకోవాలంటే నాకు పాస్‌పోర్టు కావాలన్నమాట.

ఇక మీ సంగతి. మీ రాష్ట్రం బతికింది 37 నెలలు. పుట్టిల్లు మద్రాసు, కాపురం కర్నూలు, 1954లో హైకోర్టు పెట్టింది గుంటూరు. 1956 నవంబరు 1న మూటాముల్లె సర్దుకుని హైదరాబాదు. 2014లో రాష్ట్రం మళ్ళీ రెండయ్యాక సచివాలయం వెలగపూడి చేరింది. ఒక్క ఇల్లు మారితేనే మా ఆవిడ పచ్చడి జాడీల్లో ఒకటి మాయమైంది. ఇన్ని ఊళ్ళు మారిన మీ కట్టల్లో ఎన్ని తప్పిపోయి ఉంటాయో ఊహించగలను. అందుకే మీ మీద కోపం లేదు. బెంగ మాత్రం ఉంది.

మొన్న ఒక కార్యాలయానికి వెళ్ళాను. పేరు చెప్పను. చెప్పినా నష్టం లేదు లెండి, మీరు అక్కడ లేరట కదా. స్లిప్పు మూడు కాపీలు నింపమన్నారు. అందులో ఫైలు నంబరు అని ఒక గడి ఉంది.

"నంబరు ఎక్కడ దొరుకుతుందండీ?"

"ఇండెక్సులో."

"ఇండెక్సు?"

"బైండింగుకు వెళ్ళింది."

"ఎప్పుడు?"

గుమస్తా గారు పక్క సీటు వైపు చూశారు. పక్క సీటాయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, "నేను జాయినయ్యేటప్పటికే వెళ్ళింది సార్" అన్నారు. ఆయనకు వచ్చే ఏడు రిటైర్మెంటు.

అటెండరు మాత్రం మంచివాడు. "టెన్షన్ పడకండి సార్, నేను చూస్తాగా" అని నంబరు లేని స్లిప్పు పట్టుకుని లోపలికి వెళ్ళాడు. గంటన్నర తరవాత ఎర్రగుడ్డలో చుట్టిన కట్ట ఒకటి తెచ్చి బల్ల మీద దభీమని వేశాడు. లేచిన దుమ్ముకు ముగ్గురం వరసగా తుమ్మాం. ముడి గట్టిపడిపోయి ఉంది, గోళ్ళతో లాగి విప్పాను. గుండుసూది తుప్పుపట్టి రాలిపోయింది, దాని మచ్చ మాత్రం వరసగా పదకొండు కాగితాల మీద గోధుమరంగు బొట్టులా మిగిలింది. పురుగు తొలిచిన కన్నం మొదటి పేజీలో సంతకం దగ్గర మొదలై చివరి పేజీలో తేదీ దగ్గర తేలింది. చదివితే ఏముంది? బందెలదొడ్డి వేలంపాట. మా తాత పుట్టకముందు ఎవరో పాటదారు, తప్పిపోయిన గేదె తాలూకు మేత ఖర్చు ఇప్పించమని వేడుకుంటున్నాడు. నిజం చెబుతున్నాను, సాయంత్రం దాకా ఆ గేదెను వదల్లేకపోయాను. వెళ్ళేటప్పుడు నా స్లిప్పు వెనక్కి ఇచ్చారు. దాని మీద ఎర్ర ఇంకుతో రెండక్షరాలు: ఎన్.టి. నాట్ ట్రేసబుల్. కనబడలేదు అని. లేదు అని కాదు, గమనించాలి. లేదని రాస్తే ఎవరో ఒకరు సంజాయిషీ ఇచ్చుకోవాలి.

ఇంటికొచ్చాక ఇంకో భయం పట్టుకుంది. మీ జాతకం ఎవరు రాశారు? పాత మద్రాసు పద్ధతిలో ఫైలు మూసేటప్పుడు, దాన్ని ఎన్నాళ్ళు దాచాలో చెప్పే ఒక అక్షరం నెత్తిన వేసేవారు. పక్కనుండే 'డిస్.' అంటే డిస్పోజల్. ఎల్.డిస్. అయితే ఆయుష్షు ఏడాది. కె.డిస్. అయితే 3 ఏళ్ళు. డి.డిస్. అయితే పదేళ్ళు. ఆర్.డిస్. అయితే చిరంజీవి. బ్రహ్మరాత అంటే ఇదే. ఆ మధ్యాహ్నం గుమస్తా గారికి నిద్ర ముంచుకొచ్చి, 'గుడారాలే కదా' అని మీ మీద ఎల్ వేసేశారా? అలా అయితే మీరు 1955లోనే స్వర్గస్థులై ఉండాలి, నేను చేస్తున్నది అన్వేషణ కాదు, తద్దినం.

కుళ్ళు అనుకోకండి గాని ఒక మాట. హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో షాజహాను, ఔరంగజేబు కాలపు మొగలు కాగితాలు భద్రంగా ఉన్నాయి. అందులో సైనికుల ముఖాల వర్ణనలు, వాళ్ళ గుర్రాల ఆనవాళ్ళు కూడా రాసి పెట్టారు. 300 ఏళ్ళ కిందటి గుర్రానికి ఉన్న గుర్తింపు కార్డు నిన్నగాక మొన్నటి గుడారానికి లేకపోయింది. ఆ గుర్రానికి రాజధాని మార్పులు అంటలేదేమో.

మీరు దొరకని రోజుల్లో మీ చుట్టపక్కాలతో కాలక్షేపం చేశాను. ఆంధ్ర శాసనసభ చర్చలు అచ్చయ్యాయి. ఆంధ్ర పత్రిక 1914లోనే దినపత్రిక అయింది. పాత పత్రికలు కొన్నింటిని ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించింది. 1907 నాటి గోదావరి గెజిటీరు ఇంట్లో కూర్చుని ఇంటర్నెట్‌లోనే చదవొచ్చు. సర్వేయరు మెకంజీ దొర కోసం కావలి సోదరులు ఊరూరా తిరిగి రాయించిన కైఫీయతులను, అంటే ఊళ్ళ చరిత్రలను, ఆ తరవాత బ్రౌను దొర నకళ్ళు తీయించాడు కాబట్టి చాలావరకు మిగిలాయి. కడప జిల్లావి బ్రౌను గ్రంథాలయం వాళ్ళు అచ్చువేశారు కూడా.

అన్నిటికన్నా నన్ను సిగ్గుపడేలా చేసింది వేటపాలెం. 1918లో పెట్టిన సారస్వత నికేతనం అది. సచివాలయం లేదు, జీవోలు లేవు, ఊరివాళ్ళు పెట్టుకున్న గ్రంథాలయం. పాత పత్రికల కోసం ఎక్కడెక్కడి పరిశోధకులో వెళతారు. ఆ ఊరొచ్చినప్పుడు గాంధీగారి చేతికర్ర విరిగితే ఆ విరిగిన కర్రను కూడా వాళ్ళు ఇప్పటికీ దాచుకున్నారు. విరిగిన కర్రను దాచే చేతికి మిమ్మల్ని అప్పగించి ఉంటే ఈపాటికి అట్టవేసి, నంబరేసి, కలరా ఉండలు పెట్టి చూపించేవారు.

అయినా ఆశ చావలేదు. నిన్న ఇంకొక చోట నుంచి ఫోను వచ్చింది. మెట్ల కింద గదిలో కర్నూలు నాటి కట్టలు కొన్ని ఉన్నాయట, లిస్టు మాత్రం లేదట, మంగళవారం రమ్మన్నారు. పరిచయ పత్రం, ఆధార్ జిరాక్సు, రెండు ఫోటోలు సిద్ధం చేసుకున్నాను. పెన్ను రానివ్వరు కాబట్టి పెన్సిళ్ళు మూడు చెక్కి పెట్టాను. ముక్కుకు గుడ్డ మా ఆవిడ ఇచ్చింది.

మీరు గనక ఆ గదిలో ఉంటే మంగళవారం దాకా ఎక్కడికీ కదలకండి. ఎవరైనా వచ్చి కొత్త భవనంలోకి మారుస్తాం, స్కానింగుకు పంపిస్తాం అంటే ఒప్పుకోకండి. మీ పక్కనే బైండింగుకని వెళ్ళిన ఇండెక్సు ఒకటి కనిపిస్తే దాన్నీ పోనివ్వకండి.

ఇట్లు,
మీ స్లిప్పు నంబరు లేని పరిశోధకుడు